పిలిస్తే లేచేదే నిద్ర

“అక్కా, అత్త చచ్చిపోయింది” అని తమ్ముడు ఫోనులో చెప్పాడు. పొద్దున వంటకు పప్పు కడుగుతున్నదాన్ని తడిచేత్తోనే ఫోను తీశాను. పెట్టేసి, కూర్చుని ఉన్న పక్కింటావిడకు అదే మాట చెప్పాను. ఆమె నొచ్చుకుంది.

“అదేందమ్మా, పెద్దామెను పట్టుకొని చచ్చిపోయింది అంటారు? పోయినారనో, కాలం చేసినారనో అనొచ్చు గదా. మీవాళ్ళలో అయితే నిద్రించినారు అంటారంట గదా, ఎంత బాగుంటాది ఆ మాట” అంది.

ఆమె చెప్పింది నిజమే. మా క్రైస్తవ కుటుంబాల్లో మనిషి పోతే ప్రభువునందు నిద్రించారు అంటాం. పెద్దవాళ్ళను ఓదార్చడానికి అంతకంటే మెత్తని మాట లేదు. కానీ మా ఇంట్లో ఆ మాట నా తొమ్మిదో ఏటి నుంచి లేదు. దాన్ని ఇంట్లోంచి తీసేసింది, ఇప్పుడు పోయిన మా మేనత్తే. ఎందుకు తీసేసిందో చెప్తేనే ఆమె ఎట్లాంటి మనిషో తెలుస్తుంది. ఇంటి ఖర్చులు తప్ప నేను ఇంకేమీ రాసి ఎరగను కాబట్టి, ఏది ముందు జరిగితే అది ముందు రాసుకుంటూ పోతాను.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో మేము బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండేవాళ్ళం. నాయన ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్. రెండు గదుల క్వార్టరు, వెనక చిన్న పెరడు. ఆరేసిన గుడ్డల మీద, నీళ్ళకుండ మూత మీద, మా చెవుల్లో కూడా బొగ్గు నుసి. ఆ సంవత్సరం వానల్లో అమ్మ కాన్పులో చచ్చిపోయింది. బిడ్డ బతికింది. ఆడపిల్ల. పేరు పెట్టే ఓపిక ఎవరికీ లేక దాన్ని చిన్నది అని పిలిచాం. తమ్ముడికి అప్పుడు అయిదేళ్ళు.

అత్త కోవూరు దగ్గర పల్లె నుంచి గుడ్డసంచి పట్టుకొని వచ్చింది. నాయనకు అక్క. పెళ్ళయిన మూడో ఏడే మామను పొలంగట్టు మీద పాము కరిచింది. పిల్లలు లేరు. నాట్లకు, కలుపులకు పోయి తన కూడు తాను తినేది. వచ్చిన రోజే నాయనతో, “పదిరోజులు ఉండి పోతా అబ్బయ్యా, నాట్ల పని ఉండాది” అంది. నాకు పెళ్ళయ్యేదాకా ఉంది. ఆ తర్వాత తమ్ముడి దగ్గర చివరిదాకా ఉంది.

అమ్మను సమాధుల తోటకు తీసుకుపోయేముందు ఇంటిముందు పెట్టె దించారు. మా సంఘం పాస్టరు అయ్యగారు చాలా మంచివారు. నడుం వంచి, తమ్ముడి తల నిమిరి, “మీ అమ్మ నిద్రించింది బాబూ. ఏడవకూడదు. చూడు, ఎంత హాయిగా నిద్రపోతుందో” అన్నారు. తమ్ముడు చూశాడు. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. తర్వాత మూత వేసి మేకులు కొట్టారు. వాడు ఏడవలేదు. ఎంత బుద్ధిమంతుడో అని అందరూ మెచ్చుకున్నారు.

మమ్మల్ని పడుకోబెట్టే పని ఆ రాత్రి నుంచే అత్తది. దీపాలు పెట్టే వేళకు అన్నాలు అయిపోయేవి. గడప మీద మమ్మల్ని కూర్చోబెట్టి కాళ్ళు కడిగి, పైటకొంగుతో వేళ్ళ సందుల్లో కూడా తుడిచేది. ఎందుకత్తా అంటే భయపెట్టే సంగతులేవీ చెప్పేది కాదు. “తడి కాళ్ళకు బొగ్గు అంటుకుంటాది. దుప్పటి ఉతికేది నువ్వా నేనా?” అనేది. చాప దులిపి, దిండ్లు తిరగేసి, తేలు ఉందేమో చూసి, “లేదు” అని పైకి చెప్పేది. ఉన్న రోజు అదే గొంతుతో, “ఉండాది, లేవండి” అనేది.

ప్రార్థన నేను చెప్పేదాన్ని. కాస్త పొడుగైతే, “ముగించు పిల్లా. ఆయన ఇంకా ఎన్ని ఇండ్లకు పోవాల” అని గొణిగేది. కథలు రావు ఆమెకు. రాజుల సంగతి అడిగితే, “నేను చూసినానా రాజును?” అనేది. తను చూసినవే చెప్పేది. పెన్నేటి ఇసకలో కూరుకుపోయిన పాడి ఎనుమును ఊరంతా కలిసి లాగినది, లాగినాక అది ఎవరిదో తెలియక అందరూ కొట్టుకున్నది, అట్లాంటివి.

నాయనకు డ్యూటీ పడితే షెడ్డు నుంచి కాల్ బాయ్ వచ్చి తలుపు తట్టేవాడు. మేము నిద్రలో ఉండగా చప్పుడు కాకుండా జారుకోవడం నాయనకు అలవాటు. అత్త ఒప్పుకోలేదు. “బిడ్డలు లేచి చూస్తే నువ్వు ఉండవు. తల్లి కూడా అట్లనే లేకండా పోయింది. లేపి చెప్పి పో” అని తగువు పెట్టుకునేది. నాయన విసుక్కుంటూనే, “పోయొస్తానురా” అని చెప్పిపోయేవాడు.

ఇదంతా ఇట్లా నాలుగు వారాలుగా సాగుతున్నా తమ్ముడు నిద్రపోయేవాడు కాదు. చాప మీద పడుకుని కళ్ళు పెద్దవి చేసుకుని పైకప్పు చూసేవాడు. రెప్పలు వాలితే లేచి కూర్చునేవాడు. పొద్దున బడికి పోయే దారిలో నడుస్తూ తూలేవాడు. కళ్ళకింద నల్లగా అయింది. ఇటు చిన్నది కూడా నిద్రపోయేది కాదు. చీర ఉయ్యాలలో వేసి ఊపితే కళ్ళు మూసేది, అత్త వంటింట్లోకి పోయిన కాసేపటికే కెవ్వుమనేది. పాలు పట్టబోతే ఏడ్చి కక్కేది. ఒళ్ళు చేయలేదు.

కాలనీలో ఆడవాళ్ళు వచ్చి తలా ఒక మాట అన్నారు. తల్లి గాలి బిడ్డ మీదికి వస్తూ ఉందని ఒకామె. పిల్లోడికి కూడా ఏదో కనిపిస్తోందని ఇంకొకామె. గుడికొచ్చే మావాళ్ళలోనే ఒకావిడ, తాయెత్తు కట్టించమ్మా, అయ్యగారికి చెప్పొద్దులే అంది. అత్త అందరికీ మజ్జిగ ఇచ్చి పంపించింది. తర్వాత ఉయ్యాలలోంచి బిడ్డను తీసి వాకిట్లో వెలుతురులోకి తెచ్చి, గుడ్డలన్నీ విప్పి ఒళ్ళంతా చూసింది. అరికాళ్ళ నిండా ఎర్రటి గాట్లు. కొన్ని పాతవి, కమిలి ఉన్నాయి. గోళ్ళ గుర్తులు.

నాయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. గాట్లు చూశాడు. గోడ దగ్గర ఒదిగి నిలబడ్డ తమ్ముణ్ణి చూశాడు. నడుముకున్న బెల్టు ఊడదీశాడు.

“కొట్టబాక!” అని అత్త అరిచింది. “అడగనీ ముందు.” బిడ్డను నా ఒళ్ళో పెట్టి వాడి ముందు గొంతుకూర్చుంది. “ఎందుకు గిల్లినావురా చిన్నదాన్ని?”

వాడు నేల చూశాడు.

“చెప్పు. నాయన కొట్టడు. ఎందుకు గిల్లినావు?”

“నిద్రపోతుండాది” అన్నాడు.

“పోతే?”

“నిద్రపోతే పెట్టెలో పెడతారు.”

నాయన చేతిలో బెల్టు అట్లాగే ఉండిపోయింది. అత్త వాడి చెయ్యి పట్టుకుని, గోళ్ళు చూసి, లోపల్నుంచి బ్లేడు తెచ్చి ఒక్కొక్కటే కత్తిరించింది. ఆ పని అయ్యాక వాడిని గదిలోకి తీసుకుపోయింది. నేనూ వెనకే పోయాను.

చాప పరిచి తాను పడుకుంది. “ఒరే, నేను ఇప్పుడు నిద్రపోతా. నువ్వు పక్కన కూర్చొని చూడు. కాసేపు అయినాక పిలువు” అని కళ్ళు మూసుకుంది. వాడు కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు. “అత్తా!” అని అరిచాడు. అత్త కళ్ళు తెరిచింది. “ఏంరా?” అంది. మళ్ళీ కళ్ళు మూసుకుంది. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ లేచింది. మధ్యాహ్నమంతా అదే పని. కాసేపటికి వాడికి అది ఆటయింది. మెల్లగా పిలిచి చూశాడు, చెవిలో పిలిచి చూశాడు, వాకిట్లోకి పోయి అక్కణ్ణుంచి పిలిచి చూశాడు. అత్త ఒకసారి నిజంగానే గురకపెట్టింది. అయినా పిలిస్తే లేచింది.

అప్పుడు లేచి కూర్చుని, వాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

“ఇది నిద్ర. పిలిస్తే లేచేదే నిద్ర. మీ అమ్మను పిలిచినావా ఆరోజు?”

“పిలిచినా.”

“లేచిందా?”

“లేదు.”

“గట్టిగా పిలిచినావా?”

“గట్టిగా పిలిచినా అత్తా.”

“అది నిద్ర గాదురా అబ్బయ్యా. మీ అమ్మ చచ్చిపోయింది. చచ్చిపోతే లేవరు. చచ్చిపోయినోళ్ళనే పెట్టెలో పెడతారు. నిద్రపోయే బిడ్డను ఎవురూ పెట్టెలో పెట్టరు. నేను పెట్టనిస్తానా?”

అమ్మ పోయినప్పటి నుంచి ఏడవని వాడు అప్పుడు ఏడ్చాడు. అత్త ఊరుకోబెట్టలేదు. ఏడ్చి ఏడ్చి అక్కడే చాప మీద ఒరిగాడు. మర్నాడు పొద్దెక్కేదాకా లేవలేదు. ఆ రాత్రి చిన్నది కూడా మధ్యలో ఒక్కసారే ఏడ్చింది, పాలకోసం.

ఈ సంగతి కాలనీలో పాకింది. ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు మా ఇంటికి వచ్చారు. కుర్చీలో కూర్చుని నెమ్మదిగానే అడిగారు. “ఏమ్మా, చిన్న పిల్లవాడికి అంత కఠినంగా చెప్తారా? మనం తిరిగి లేస్తామన్న నిరీక్షణ లేనివాళ్ళం కాదు గదా.”

అత్త నిలబడే జవాబు చెప్పింది. “లేపే రోజున ప్రభువు లేపుతాడు అయ్యగారూ, నేను కాదన్లా. అప్పటిదాకా ఈ బిడ్డలు రోజూ పడుకోవాల గదా. ఆ మాటతో పడుకోలేకపోతుండారు.”

నాయన తల దించుకున్నాడు. అయ్యగారు కాఫీ తాగడం ఆపి ఉయ్యాల వైపు చూశారు. కోప్పడతారని నేను భయపడ్డాను. “సరేనమ్మా” అని ఒక్క మాట అని ప్రార్థన చేసి వెళ్ళారు.

ఆ తర్వాతంతా మంచే జరిగిందని రాయాలని ఉంది. జరగలేదు. చలికాలంలో చిన్నది కొంచెం కోలుకుంది. బోర్లా పడింది. తమ్ముడు పిలిస్తే తల తిప్పి చూసేది. కానీ ఎప్పుడూ సన్నగానే ఉండేది. రోహిణి కార్తెలో, ఇంజను షెడ్డు రేకులు కూడా పెళపెళలాడే ఎండల్లో, దానికి విరేచనాలు పట్టుకున్నాయి. నాయన రైల్లో నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. అత్త కూడా పోయింది. ముగ్గురూ మూడోనాడు తిరిగి వచ్చారు. అత్త ఒళ్ళో తెల్ల తువ్వాలు చుట్టి ఉంది.

తమ్ముడు వాకిట్లోనే ఎదురుపోయాడు. “నిద్రపోతుండాదా?” అని అడిగాడు.

“లేదు నాయనా. చచ్చిపోయింది” అంది అత్త.

వాడు తువ్వాలు తీయమన్నాడు. అత్త తీసింది. వాడు ఒకసారి పిలిచాడు, ఆగి ఇంకోసారి పిలిచాడు. అప్పుడు ఇవతలికి వచ్చేశాడు. సమాధుల తోటలో అయ్యగారు వాడి దగ్గరికి వచ్చి వంగారు. ఒకసారి అత్త వైపు చూశారు. “పాప చచ్చిపోయింది బాబూ” అన్నారు. ఆ మాట అనడం ఆయనకు ఎంత కష్టమైందో ఇప్పుడు తలచుకుంటే తెలుస్తోంది.

ఆ రాత్రి అత్త మా కాళ్ళు కడిగింది, తుడిచింది, చాప దులిపింది. దీపం తగ్గించాక తమ్ముడు చీకట్లో అడిగాడు.

“నేను గిల్లినందుకా అత్తా?”

నాయన పక్కగదిలో మేలుకునే ఉన్నాడు. ఆయన మంచం కిర్రుమంది.

“నువ్వు గాదురా. కడుపు జబ్బు చంపింది దాన్ని. పడుకో” అంది అత్త.

మర్నాటి రాత్రి మళ్ళీ అడిగాడు. అత్త మళ్ళీ చెప్పింది. అదే మాట, అదే గొంతు. ఇక ఆ ప్రశ్న రోజూ వచ్చేది. నా ప్రార్థన అయ్యాక, నిద్రకు ముందు, ఇంకో ప్రార్థనలాగా వాడు అడగడం, ఆమె చెప్పడం. వాడు బాగా చదివిన రోజూ అడిగాడు, జ్వరంతో మూలిగిన రోజూ అడిగాడు. విసుగు పుట్టి నాయన ఒకసారి, “ఇంక ఆపక్కా. నువ్వు చెప్పేకొద్దీ వాడు మర్చిపోడు” అన్నాడు.

“వాడు అడిగినన్నాళ్ళు చెప్తా. నోరు నాది, నీకేం నొప్పి?” అంది.

కోవూరులో నాట్లకు పోయే రోజుల్లో తమ్ముణ్ణి కూడా వెంట తీసుకుపోయేది. బడి పోతుంది గదా అని నాయన గొణిగితే, “రాత్రిపూట వాడికి ఒక మాట చెప్పాల. నువ్వు చెప్తావా?” అనేది. నాయన చెప్పలేడని ఆమెకు తెలుసు. నాయనకూ తెలుసు.

ఒకసారి వాడు షెడ్డు దగ్గర కదిలే వ్యాగను పట్టుకుని వేలాడాడని తెలిసి అత్త చీపురు తిరగేసి కొట్టింది. అంతగా కొట్టడం నేను మళ్ళీ చూడలేదు. ఆ సాయంత్రం వాడితో మాట్లాడలేదు. కంచం విసురుగా పెట్టింది. కాళ్ళు కడుగుతూ కూడా మొహం చూడలేదు. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. చాలాసేపటికి గోడకే అడిగినట్టు అడిగాడు. “నేను గిల్లినందుకా?”

“నువ్వు గాదురా. కడుపు జబ్బు చంపింది దాన్ని. పడుకో” అంది అత్త. ఆ మాటలో మాత్రం పగటి కోపం లేదు. “వ్యాగను సంగతి వేరే, దానికి రేపు కూడా ఉండాది నీకు” అని చేర్చింది. వాడు దుప్పట్లో నవ్వాడు.

నా మొదటి కాన్పుకు అత్త వచ్చి సాయం ఉంది. నా బిడ్డకు స్నానం చేయిస్తూ దాని పాదాలు చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. అప్పుడు అడిగాను నేను. “అత్తా, చిన్నది నిజంగా కడుపు జబ్బుతోనే పోయిందా? ఆ నాలుగు వారాలు నిద్ర లేకపోవడం వల్ల కాదా?”

“నాకేం తెలుసే?” అంది. మెత్తని మాటలంటే ఒళ్ళు మంట ఆమెకు. “నిద్ర లేని బిడ్డ నీరసించదా? నీరసించిన బిడ్డను జబ్బు తొందరగా పట్టదా? నేను చదివినానా, డాక్టరునా?” బిడ్డ వీపు మీద నీళ్ళు పోసింది. “వాడికి అయిదేళ్ళు. తెలిసిందాకా ఆగి చెప్పాలంటే వాడు ఆ రాత్రి పడుకునేవాడా?”

ఇది నేను తమ్ముడితో ఎప్పుడూ చెప్పలేదు. అత్తను పూడ్చిన రోజు సాయంత్రం, మట్టి అంటిన చేతులు కుళాయి కింద కడుక్కుంటూ వాడే అన్నాడు. “అత్తకు మాత్రం ఏం తెలుసక్కా? తెలీదని నాకు ఎప్పుడో తెలుసు. తెలీకపోయినా రోజూ చెప్పింది.” ఇదంతా రాస్తానంటే రాయి అన్నాడు.

వాడు అడగడం మానేసిన రాత్రి నాకు గుర్తుంది. అప్పటికి వాడికి పన్నెండేళ్ళు ఉంటాయి. ఆరోజంతా కాలవలో ఈతలు కొట్టి, ఎవరెవరిని ఓడించాడో చెప్తూ చెప్తూ, మాట మధ్యలోనే నిద్రపోయాడు. అత్త ఎప్పటిలాగే చాప అంచున కూర్చుని ఉంది.

“నిద్రపోయాడత్తా. నువ్వూ పడుకో” అన్నాను.

“ఉండు” అంది.

కాసేపు చూసింది. వంగి వాడి ఊపిరి విన్నది. దుప్పటి భుజం దాకా లాగి, చిన్నగా, “నువ్వు గాదురా. కడుపు జబ్బు చంపింది దాన్ని” అని చెప్పింది. పడుకో అని మాత్రం అనలేదు. లాంతరు వత్తి తగ్గించింది గాని లేవలేదు. ఒక గూడ్సు బండి పోయింది. చాలాసేపటికి ఇంకొకటి పోయింది. ఇంజను వెలుగు కిటికీలోంచి గోడ మీద పాకినప్పుడు చూశాను. అత్త అక్కడే కూర్చుని ఉంది, వాడు లేచి అడుగుతాడేమోనని.